చెనక్కాయ చేలో మిగిలిన సిపాయి

మా చేలో ఒక అరెకరం పాత రకం చెనక్కాయ వేస్తాను. తీగ రకం. నేలమీద పాకుతుంది, నాలుగు నెలలు దాటితే గాని కాయ ముదరదు. మొన్న కలుపు తీయడానికి పోతే ఆ తీగల నడుమ ఒక చెట్టు నిటారుగా నిలబడి ఉంది. కొత్త రకం గుత్తి చెట్టు. ఒక్కటే. చుట్టూ ఉన్నవన్నీ నేలను కరుచుకుని పడుకుంటే, ఇది మాత్రం ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు లేచి నిలబడింది.

"వచ్చినావా మే?" అన్నాను దాన్ని చూసి.

పక్క సాలులో ఉన్న నా కోడలు తలెత్తింది. "ఎవురత్తా?"

"ఎవురూ లేరు. నీ సాలు నువ్వు సూసుకో."

ఎవరూ లేని మాట నిజమే. ఆమె పోయి ఆరు నెలలైంది.

ఊరందరికీ ఆమె కువైటామె. పదకొండేళ్ళు ఆ దేశంలో ఒకరింట్లో వంట చేసి వచ్చింది. పోకముందు ఆమెకు ఒక పేరుండేది, రేషను కార్డులో ఇంకా ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు. కువైటామే అంటే వీధి ఆ చివరినుంచి పలికేది. మా రాయచోటి పక్క పల్లెల్లో ఆ దేశం పోయి వచ్చినవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. వచ్చేటప్పుడు సెంటు సీసాలు తెస్తారు, మందపాటి కంబళ్ళు తెస్తారు. ఈమె అభిప్రాయాలు తెచ్చింది.

నాకు ఆమెతో పని చెనక్కాయలు వొలిచే దగ్గర. విత్తనం కాయను నేను మిషన్లో వేయించను. మిషను పప్పును చీలుస్తుంది, చీలిన పప్పు మొలవదు. అందుకని ఏటా ముంగారి వానకు ముందు పదిమంది ఆడవాళ్ళను మా పంచలో కూర్చోబెట్టి చేత్తోనే వొలిపిస్తాను. అందరూ ఒక కాయ తీసుకుని, నేలకు నొక్కి చిట్లిస్తారు. కువైటామె మాత్రం రెండు చేతుల్లో రెండు కాయలు పట్టుకుని ఒకేసారి చిట్లించేది. చిటుక్కుమని రెండు చప్పుళ్ళు ఒక చప్పుడుగా వచ్చేవి. ఇద్దరి పని ఒక్కతే చేసేది, నోరు మూసుకున్నంతసేపు. నోరు తెరిచిందా, రెండు చేతులూ కాయలతో సహా గాలిలో ఆగిపోయేవి. మాట పూర్తయ్యేదాకా కిందికి దిగేవి కావు. మాట ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. మాట నడుమ ఒక పప్పు నోట్లో వేసుకునేది కూడా. విత్తనం పప్పు తినేవాళ్ళను నేను సహించను.

"ఏం నములుతాండావు మే?"

"నోరు ఎండుకపోతాండాదక్కా."

"మాట్లాడకపోతే ఎండదు."

పనివాళ్ళు కునుకు తీయకుండా నేను ఒక గంట టీవీ పెట్టేదాన్ని. మా పంచలోంచి కిటికీగుండా కనపడుతుంది. పాటలు పెడితే ఊగుతారు, సీరియలు పెడితే ఏడుస్తారు, రెండింటికీ చేతులు ఆగుతాయి. వార్తలైతే ఎవరికీ పట్టదు కదా అని వార్తలు పెట్టాను. ఈ గొడవంతటికీ మొదటి తప్పు నాదే.

ఆ ఏళ్ళలో వార్తల్లో రోజూ ఒకటే రచ్చ. ఎక్కడో ఇసుక దేశంలో తీవ్రవాదులు ఊళ్ళకు ఊళ్ళు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళను కొట్టడానికి బయటి దేశాలు సైన్యం పంపాలా, వద్దా అని నలుగురు మగవాళ్ళు నాలుగు డబ్బాల్లో కూర్చుని ఒకరి మీద ఒకరు అరుచుకునేవాళ్ళు. కువైటామె ఐదో డబ్బా.

"నువ్వుండప్పా, కోటేసుకున్నాయప్పా! ఆ బట్టతలాయప్పను చెప్పనీ ముందు," అని టీవీని అదిలించేది. కోటాయన ఆగకపోతే నా వైపు తిరిగేది. "సూడక్కా, మర్యాద లేదు. వీళ్ళకేం తెలుసు సైన్యం అంటే? నేను సైన్యాన్ని ఇంత దగ్గర్నుంచి సూసినా." ఇంత అంటే ఒక మూరెడు. చేతిలో కాయలు అలాగే ఉండేవి.

ఆమె తీర్పు ఒకటే. "పంపల్ల. పంపాల్సిందే. రాసిపెట్టుకోండి."

ఎందుకని అడిగితే ఒక సిపాయి కథ చెప్పేది. కువైటులో ఆమె ఉల్లిగడ్డలు కొనడానికి అంగడికి పోతే అక్కడికి పరదేశపు సిపాయి ఒకడు వచ్చాడట. తెల్లటివాడు, ఆరడుగులవాడు. మొదటి ఏడు చెప్పినప్పుడు వాడు ఈమె కోసం అంగడి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. రెండో ఏటికి తలుపు పట్టుకుని "మేడమ్" అన్నాడు. మూడో ఏటికి ఉల్లిగడ్డల సంచి మోసి ఇంటిదాకా వచ్చాడు. నాలుగో ఏటికి ఇంటి ముందర నిలబడి మామిడికాయ ఊరగాయ రుచి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకో రెండేళ్ళు ఆగితే వాడు మా పంచలోకి వచ్చి కాయలు వొలుస్తాడని నేను అనుకునేదాన్ని.

"అంత మర్యాదస్తులు. అట్లాటోళ్ళు పోతే ఆ తీవ్రవాదులు నిలబడతారా?" అనేది.

ఎదురు చెప్పేది నా తోడికోడలు. ఆమె కొడుకు మన సైన్యంలోనే సిపాయి, సరిహద్దులో ఉంటాడు. అందువల్ల ఈ విషయంలో తనకే ఎక్కువ తెలుసని ఆమె లెక్క.

"పంపితే పోతారు సరే. మల్లా ఇంటికి పోతారా?" అనేది నా తోడికోడలు. "మా ఆడబిడ్డ మామ పెండ్లికని వచ్చి నెల్దినాలు ఉన్న్యాడు. ఆయప్పను కదిలించేదానికి మా మామ ఇంటికి సున్నం కొట్టించినాడు. మంచం బయటేసినా పోలే. సున్నం వాసన బాగుందన్న్యాడు."

"సుట్టం వేరే, సైన్యం వేరే వదినా."

"ఏం వేరే? ఇద్దురికీ వండి పెట్టల్ల."

"సైన్యమోళ్ళు వాళ్ళ కూడు వాళ్ళే తెచ్చుకుంటారు. డబ్బాల్లో ఉంటాది. నేను సూసినా."

"డబ్బాలో కూడు తినేటోళ్ళు ఎవురికి మంచి చేస్తారు మే?"

అప్పటికి పదిమందిలో ఐదుగురు ఆ పక్కా ఐదుగురు ఈ పక్కా అయ్యేవాళ్ళు. ఒక పక్క తక్కువైతే కువైటామెకు నచ్చేది కాదు. తన పక్కనుంచే ఒకరిని అవతలికి తోసేది. "పోమ్మా, నువ్వు వదిన పక్కకు పో. సమంగా లేకపోతే వాదం యాడిది?" అనేది. పోయినామె నిజంగానే పోయి, చాప మార్చుకుని కూర్చుని, ఇందాక పంపాలన్న నోటితోనే వద్దని మొదలుపెట్టేది. చివరికి అందరూ అలిసిపోయినప్పుడు కువైటామె నా వైపు తిరిగేది.

"ఇంగ నువ్వు చెప్పక్కా. పంపల్లా, వద్దా?"

"ముందు నీ చేతిలోని కాయ చిట్లించు."

"ఖలాస్," అనేది. అయిపోయిందని అరబ్బీలో అలా అంటారట. అన్నం తిన్నా ఖలాసే, బస్సు పోయినా ఖలాసే.

ఇక్కడ ఆ పాత విత్తనం సంగతి చెప్పాలి. అది మా అత్త నాకిచ్చింది. బంగారం ఇవ్వలేదు, ఒక గోనెసంచి ఇచ్చింది. "కలవనీయొద్దు," అని ఒక్క మాట చెప్పింది. ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరి దగ్గరా ఆ రకం లేదు. పప్పు చిన్నది, ఎర్రది, వాన నెల రోజులు మొహం చాటేసినా ప్రాణం పట్టుకుని ఉంటుంది. మిగతా చేనంతా అందరిలాగే కొత్త గుత్తి రకం వేస్తాను. దాని పప్పు లావు, రంగు తెలుపు. రెండూ కలిశాయంటే పాతది పోయినట్టే. ఒకటి ముందు ముదురుతుంది, ఒకటి వెనక ముదురుతుంది. వొలిచేటప్పుడు కలిస్తే చేలో కలుస్తాయి, చేలో కలిస్తే మళ్ళీ సంచిలో కలుస్తాయి. అందుకని పాత సంచిని ఎర్ర గుడ్డతో కట్టి, కొత్తది అంతా అయినాక, పంచ ఊడ్పించి, నేను దగ్గర కూర్చుని వొలిపించేదాన్ని.

ఒక ఏడు వాన తొందరపడింది. దున్నడానికి ట్రాక్టరు వచ్చిందని కబురొస్తే నేను పొద్దున్నే చేనికి పోవాల్సి వచ్చింది. పోతూ రెండు మాటలు చెప్పాను. గంట కాగానే టీవీ ఆపండి. నేను వచ్చేదాకా పాత సంచి విప్పొద్దు.

మధ్యాహ్నం తిరిగొచ్చాను. టీవీ ఆపేసి ఉంది. పదిమందీ తలలు వంచుకుని చివరి గంపెడు కొత్త కాయ వొలుస్తున్నారు. చిటపట చప్పుడే గాని మాట లేదు. కువైటామె చేతులు రెండూ ఆడుతున్నాయి, నోరు ఆడడం లేదు. పాత సంచి ఖాళీ. పప్పు వొలవడం అయిపోయి, దానికి మందు పట్టించడం కూడా అయిపోయి, నీడలో ఆరబోసి ఉంది. విత్తే ముందు గింజకు కుళ్ళు పట్టకుండా ఒక ఎర్ర పొడి పట్టిస్తాం. అది పట్టించాక ఏ గింజైనా కుంకుమలో పొర్లినట్టు ఒకే రంగు.

"నేను రాకముందే సంచి ఎందుకు విప్పినారు?"

"పని మిగలకుండా చేసినాంలే అక్కా."

"మందు ఎవురు పట్టించినారు?"

"నేనే. నీకు చేతులు మండుతాయని," అంది కువైటామె.

నా చేతుల మీద ఆమెకు అంత ప్రేమ ఎప్పుడొచ్చిందని అనుమానపడాల్సింది. పడలేదు. కరెంటు మిగిలింది, పని మిగలలేదు. సంతోషం పట్టలేక అందరికీ బెల్లం వేసి టీ ఇచ్చాను. పదిమందీ ఆ టీ తల ఎత్తకుండా తాగారు. మర్యాద నేర్చుకున్నారనుకున్నాను.

విత్తిన నలభై రోజులకు తెలిసింది. పాత రకం వేసిన అరెకరంలో తీగలు పాకడం మొదలైంది. వాటి నడుమ అక్కడొకటి అక్కడొకటి చెట్లు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఈ గట్టునుంచి ఆ గట్టుకు చూశాను. కాపలా కాస్తున్నట్టు నిలబడ్డాయి. నాకు వచ్చింది కోపం అనుకున్నాను, కాదు, భయం. అత్తకు ఏం చెప్పాలి? అత్త పోయి ముప్పై ఏళ్ళు, అయినా సరే.

నేరుగా కువైటామె దగ్గరికి పోలేదు. తోడికోడలిని ఇంటికి పిలిచి లోటా నిండా మజ్జిగ ఇచ్చాను. నేను ఊరికే మజ్జిగ ఇవ్వనని ఆమెకు తెలుసు. రెండు గుక్కలకే మొత్తం చెప్పేసింది.

జరిగింది ఇదీ. నేను చేనికి పోగానే టీవీలో మళ్ళీ అదే రచ్చ మొదలైంది. నోటితో చెప్తే వదినకు ఎక్కడం లేదని కువైటామె ముగ్గుపిండి తెచ్చి పంచలో ఆ దేశం గీసింది. నేను చదివిన మూడు తరగతుల్లో పటం చూపించలేదు గాని, ముగ్గుతో దేశం గీయవచ్చని నాకూ తెలియదు. చుట్టూ చుక్కలు పెట్టి కలిపిందట, మూలకొక పద్మం కూడా వేసిందట. దేశం అయ్యాక మనుషులు కావాలి కదా. నా పాత సంచి విప్పి, వొలిపించి కుప్ప పోయించి, ఆ చిన్న ఎర్ర పప్పులను నాలుగు దోసిళ్ళు తీసి దేశం నిండా పోసింది. అవి తీవ్రవాదులట. కొత్త రకం లావు తెల్ల పప్పులు బయటినుంచి వచ్చే సైన్యమట.

"మా అత్త ఇచ్చిన విత్తనాన్ని తీవ్రవాది అనిందా?" అన్నాను. నాకు అన్నిటికన్నా ముందు ఆ మాటే తగిలింది.

"చిన్నగా, గట్టిగా, యాడ దాక్కునేది తెలీకుండా ఉంటాయని అనిందక్కా," అంది నా తోడికోడలు.

సైన్యం మూడు వైపులనుంచి వచ్చింది. కువైటామె మోకాళ్ళ మీద పాకుతూ గింజలు జరుపుతోంది. సగం దేశం గెలిచింది. అప్పుడు నా తోడికోడలు ఒక మాట అడిగింది.

"అన్నీ బాగానే జరుపుతాండావు. ఆ గింజల్లో ఎవురి కొడుకులుండారు మే?"

టీవీలో అప్పుడే ఒకాయన మన దేశం కూడా పంపాలని అరుస్తున్నాడట. కువైటామె చెయ్యి గింజ మీద ఆగిపోయింది. కాసేపటికి ఆ లావు తెల్ల గింజల్లోంచి ఒకటి ఏరి, నా తోడికోడలి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"నీ కొడుకు దీంట్లో లేడు వదినా. వీణ్ణి ఇంటికాడ పెట్టుకో."

"ఆ గింజ ఏదీ?" అని అడిగాను నేను.

"దేవుడి గూట్లో పెట్టినాను," అంది నా తోడికోడలు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్న ఆ సందులో మా ఎర్ర పుంజు దేశంలోకి వచ్చింది. పక్షపాతం లేని పుంజు. ముందు తీవ్రవాదులను తిన్నది, తర్వాత సైన్యాన్ని తిన్నది. పదిమందీ ఒక్కసారిగా లేచి పుంజు మీద పడ్డారు. ఎవరి కాలు తగిలిందో తెలియదు, ఎవరూ ఒప్పుకోలేదు. కొత్త విత్తనాల గంప పాత విత్తనాల కుప్ప మీద బోర్లా పడింది. పుంజు గోడెక్కి కూసింది.

గంటసేపు కూర్చుని ఏరారట. లావువి తీశారు, తెల్లవి తీశారు. కానీ కొత్త వాటిలో చిన్నవి ఉన్నాయి, పాత వాటిలో లావువి ఉన్నాయి. నేను వచ్చే వేళయింది. అప్పుడు కువైటామెకు ఆ ఆలోచన వచ్చింది. మందు ఎలాగూ పట్టించాలి కదా. డబ్బా తెరిచి పొడి చల్లింది. రెండు సైన్యాలూ ఒకే గుడ్డలు వేసుకున్నాయి. "ఖలాస్," అందట.

నేను కువైటామె ఇంటికి పోయాను. ఆమె బట్టలు ఆరేస్తోంది. "నా చేలో నీ సైన్యం మొలిచింది, రా," అన్నాను. ఆమె చేతిలోని చీర తీగమీద వేయకుండా భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా నా వెనక వచ్చింది. ఆమెతో అంత దూరం నిశ్శబ్దంగా నడవడం నాకు అదే మొదలు.

చేను చూసి గట్టుమీద కూలబడింది. లేచి అంది. "అక్కా, ఇప్పుడే పీకేద్దాం. చిన్నగా ఉండాయి. తీగలు ఇంకా వీటి మింద పడలే. వేరు సులువుగా వస్తాది."

"పూత మీదుండే చెట్టు పీకి పారేస్తావా?"

"నీ విత్తనం దక్కల్లంటే పీకల్ల."

"పెట్టిన గింజ ఊరికే పోనిస్తానా? మూడున్నర నెలలకు వీటి కాయ ముదురుతాది. అప్పుడు పీకితే కాయా దక్కుతాది, చేనూ బాగుపడతాది. పాతవి ఇంకా నెల ఉంటాయి గదా."

"అప్పుటికి తీగలన్నీ వీటికి సుట్టుకుంటాయక్కా. ఇది పీకితే అదీ వస్తాది. కాయలు తెగి నేల్లో ఉండిపోతాయి. మల్లేడు మల్లా మొలుస్తాయి. ఇది ఉండిపొయ్యే యవ్వారం."

"టీవీ ముందర పంపల్ల పంపల్ల అని ఎగిరినావు గదా మే? ఇప్పుడేమో పిలిపించుకో అంటాండావే?"

ఆమె తల గోక్కుంది. "పంపేటప్పుడు పీకేది గుర్తు రాలేదక్కా," అంది.

నేను వినలేదు. కాయ పట్టనీ అన్నాను. చేను నాది, మాట నాది.

మూడున్నర నెలలకు ఆమె పిలవకుండానే వచ్చింది. కూలి అడగలేదు, నేను అడిగితే "నోరు మూసుకోక్కా" అంది, జీవితంలో ఒకే ఒక్కసారి. అరెకరంలో ఒక్కొక్క గుత్తి చెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీద పడిన తీగలను ఎడమ చేత్తో జడలు పాయలు తీసినట్టు పక్కకు తీసి, కుడి చేత్తో చెట్టును మెల్లగా ఊపి పీకేది. ఆమె చెప్పినట్టే అయింది. తీగ తెగేది, పచ్చి పిందెలు రాలేవి. ముదిరిన కాయలు పుటుక్కున తెగి మట్టిలోనే ఉండిపోయేవి. వేళ్ళతో మట్టి కెలికి తీసేది. ఎన్ని తీసినా కొన్ని ఉండిపోతాయని ఇద్దరికీ తెలుసు. నేనూ పక్క సాలులో కూర్చుని పీకాను.

మూడో రోజు ఎండలో అలా పీకుతుంటే ఆమె ఉన్నట్టుండి అంది.

"అక్కా, ఆ సిపాయి సంచి మోయలే."

"తెలుసు."

"ఊరగాయ తినలే."

"అదీ తెలుసు."

"మేడమ్ అని కూడా అనలే." ఒక చెట్టు పీకి మట్టి దులిపింది. "నేను అంగట్లోకి పోతాంటే వాడు బయటికి వస్తాండాడు. నన్ను సూసి పక్కకు జరిగినాడు. అంతే. నాకు దోవ ఇడిసినాడు."

"అంత మాత్రానికేనా సైన్యం పంపమన్న్యావు?"

"పదకొండేండ్లలో ఆడ నాకు దోవ ఇడిసినోడు వాడొక్కడే అక్కా."

"పీకు, పొద్దు పోతాండాది," అన్నాను. పొద్దు నడినెత్తిన ఉంది.

తర్వాతి ఏడు పాత విత్తనం చేలో ఆ నేలలో ఉండిపోయినవి మొలిచాయి. ఆ పైయేడు కూడా. వేసే మడి మార్చినా, సంచిలో చేరినవి కొన్ని వచ్చేవి. కువైటామె ఏటా కలుపు తీసే వేళకు వచ్చి సాళ్ళ వెంబడి నడిచేది. "అక్కా, సిపాయి దొరికినాడు!" అని గట్టుదాకా వినపడేలా అరిచేది. పీకమంటావా అన్నట్టు నన్ను చూసేది. నేను కాయ పట్టనీ అనేదాన్ని. పక్కన ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టేది, ముదిరాక వచ్చి పీకేది, ఒకటో రెండో కాయలు మట్టిలో ఉండిపోయేవి. పైయేడు మళ్ళీ సిపాయి. ఏటా తగ్గారు గాని పూర్తిగా పోలేదు.

పంచలో వాదం ఆగలేదు. కువైటామె ఇప్పుడు వద్దనే పక్కకు మారింది. దాంతో నా తోడికోడలికి పంపాలనే పక్కకు పోక తప్పలేదు, ఇద్దరూ ఒకే చాపమీద కూర్చోలేరు కదా. కొడుకు సెలవులకు వచ్చినప్పుడు "ఏమ్మా, నన్ను పంపమంటాండావంటనే?" అని అడిగితే, "నిన్ను కాదు నాయనా, వేరే వాళ్ళని. వాదం కోసరం," అని చెప్పుకుంది. పంచలో ముగ్గుపిండి మాత్రం నేను దాచేశాను. పుంజును కోసి తిన్నాం.

పోయిన శీతాకాలంలో కువైటామె మంచాన పడింది. చూడటానికి పోతే ఆమె కళ్ళు మూసుకునే అడిగింది. "టీవీలో ఏం చెప్తాండారక్కా? పంపుతాండారా, పిలిపించుకుంటాండారా?"

"ఒక దేశం పిలిపించుకుంటాండాది, ఇంగో దేశం పంపుతాండాది."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక ఒక కన్ను తెరిచింది. "ఇంగ నువ్వు చెప్పక్కా. ఇన్నేండ్లు అడిగినా. పంపల్లా, వద్దా?"

నేను చెంగులో కట్టుకుపోయిన వేయించిన చెనక్కాయలు రెండు తీసి ఆమె రెండు చేతుల్లో పెట్టాను. "ముందు ఇవి చిట్లించు," అన్నాను. ఆమె ప్రయత్నం చేసింది. చిట్లలేదు. నేనే వొలిచి పెట్టాను. నాలుగు రోజులకు పోయింది.

మొన్న చేలో ఆ చెట్టు ముందర నిలబడి ఉంటే కోడలు కలుపు కొడవలి పట్టుకుని దగ్గరికొచ్చింది. "గుత్తి చెట్టా? ఉండత్తా, పుల్ల తెచ్చి గుచ్చుతా. కాయ పట్టినాక పీకుదాం."

అది నా మాటే. నా నోటినుంచే నేర్చుకుంది.

చెట్టు నిండా పసుప్పచ్చ పూత ఉంది. ఒక్కొక్క పువ్వూ ఒక కాయ. నేను మోకాళ్ళ మీద కూర్చుని, దాని మీదికి వస్తున్న తీగలను ఎడమ చేత్తో పక్కకు తీశాను. కుడి చేత్తో మొదలు పట్టుకుని ఊపాను. ఊపాల్సిన పని కూడా లేకపోయింది. వేరు సులువుగా వచ్చేసింది. మట్టిలో ఒక్క పోగు మిగల్లేదు.

కోడలు నోరు తెరుచుకుని చూస్తోంది. "పూత మీదుండాది గదత్తా? ఊరికే పోయె గదా?"

"ఖలాస్," అన్నాను.

ఇంటికి తెచ్చి మేకకు వేశాను.